మీకు తెలుసా?
అంతరిక్షమున భూమిని చుట్టుచున్న హబుల్ దూరదర్శినియొక్క ప్రధాన దర్పణపు వ్యాసము 2.4 మీటర్లు కాగా, తమిళనాట కావలూరునందలి వైను బప్పు దూరదర్శిని దర్పణము 2.34 మీటర్లు, భేదము 6 సెంటీమీటర్లు మాత్రమే!

అయినను, గాలి చలనముచే నక్షత్రబింబము చెదరుటయు, అతినీలలోహిత కిరణములలో అధికభాగమును ఓజోను పొర హరించుటయు కావలూరునకు తప్పని కష్టములు. 1990లో గగనమున కెగసిన హబులునకు ఈ బాధలు లేవు. కాని కావలూరున పరికరము చెడినచో సాంకేతికుడు మెట్లెక్కి పోయి సరిచేయగలడు. అంచున మానవకేశపు మందములో సుమారు ఏబదవ వంతు మేర అధికముగా అరగిన హబుల్ దర్పణమువలన కలిగిన దృష్టిదోషమును సవరించుటకో, 1993 డిసెంబరులో వ్యోమగాములే అచటికి పోవలసివచ్చినది.

కావలూరు దూరదర్శినికి 1986లో ఎవరి పేరిడిరో ఆ వైను బప్పు, హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు, నిజాం కళాశాల విద్యార్థి.