వైఫై రావాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే వైఫై కావాలి: ఫర్మ్‌వేర్ టూల్ ఎలా ఉండాలి?

ఉస్మానియా హాస్టల్ రూమ్‌లోనో, తార్నాకలో నలుగురు కలిసి తీసుకున్న ఫ్లాట్‌లోనో ఇది చాలామందికి తెలిసిన సీనే. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటారు, విండోస్ స్లోగా ఉందని డెబియన్ వేస్తారు. అంతా బాగుంటుంది, వైఫై తప్ప! పొద్దున్నే అసైన్‌మెంట్ ఇవ్వాలి.

చాలాసార్లు డ్రైవర్ ఉంటుంది, ఫర్మ్‌వేర్ ఉండదు. డ్రైవర్ లైనక్స్ కెర్నెల్‌లో భాగం. ఫర్మ్‌వేర్ వైఫై చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్. ఆ ఫైల్‌ని డ్రైవర్ చిప్‌లోకి ఎక్కిస్తేనే అది పని మొదలుపెడుతుంది.

ఈ తలనొప్పికి డెబియన్‌లో ఐసెన్‌క్రామ్ అనే టూల్ ఉంది. నార్వేజియన్‌లో ఈ మాటకు హార్డ్‌వేర్ సామాను అని అర్థం. ఐసెన్‌క్రామ్-సీఎల్ఐ ప్యాకేజీ వేసుకుంటే ఐసెన్‌క్రామ్-ఆటోఇన్‌స్టాల్-ఫర్మ్‌వేర్ కమాండ్ వస్తుంది. డ్రైవర్లు ఏ ఫైళ్లు అడుగుతున్నాయో చూసి, అవి ఏ ప్యాకేజీలో ఉన్నాయో వెతికి ఇన్‌స్టాల్ చేయడమే దాని పని.

ఐడియా సూపర్. కానీ ఇలాంటి టూల్స్‌కి మూడు చిక్కులున్నాయి.

ఒకటి, డ్రైవర్ అడిగిన ప్రతి ఫైలూ మనకు అక్కర్లేదు. ఇంటెల్ వైఫై డ్రైవర్ ముందు కొత్త వెర్షన్ ఫర్మ్‌వేర్ కోసం చూస్తుంది, లేకపోతే పాతదానితో సర్దుకుంటుంది. వైఫై చక్కగా పనిచేస్తున్నా లాగ్‌లో ‘మైనస్ 2’ ఎర్రర్ కనిపిస్తుంది. ఫైల్ దొరకలేదని దానర్థం. కాబట్టి టూల్ ముందు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ వచ్చిందా లేదా చూడాలి. వచ్చుంటే ఆ ఎర్రర్‌ని వదిలేయాలి.

రెండు, డేటా. ఫర్మ్‌వేర్ ఫైళ్లన్నీ కలిపితే వందల ఎంబీ. మొబైల్ డేటా మీద బతికేవాళ్లకు అది చిన్న విషయం కాదు. చిప్ పేరు, ప్యాకేజీ పేరు, సైజు చూపించి, ‘వెయ్యమంటారా?’ అని అడిగాకే డౌన్‌లోడ్ మొదలవ్వాలి.

మూడు, అసలు నెట్టే లేకపోతే? 2022లో డెబియన్ డెవలపర్లు ఓటు వేసి, ఫ్రీ కాని ఫర్మ్‌వేర్‌ని కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టాలని తేల్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలైంది. అయినా పాత బ్రాడ్‌కామ్ చిప్‌లకు ఊరట లేదు. ఆ ఫర్మ్‌వేర్‌ని పంచే అనుమతి లేక, బీ43 ఇన్‌స్టాలర్ ప్యాకేజీ దాన్ని నెట్ నుంచే తెచ్చుకుంటుంది. ఫైల్ ప్యాకేజీలో ఉండదు కాబట్టి, ఫైల్ పేరుతో వెతికే టూల్‌కి అది దొరకదు. ఇలాంటి వాటికి విడిగా చిన్న జాబితా ఉండాలి. కావాల్సినవి రాసిచ్చి, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకునే ఆఫ్‌లైన్ మోడ్ కూడా ఉండాలి.

ఈ రాత్రికి గట్టెక్కాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దీనికి సాధారణంగా అదనపు ఫర్మ్‌వేర్ అక్కర్లేదు. ఆ నెట్‌తోనే వైఫై ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు.

మినీ ప్రాజెక్ట్ కోసం చూస్తున్న క్యాంపస్ కుర్రాళ్లు, అమ్మాయిలు దీన్ని పట్టుకోవచ్చు. ఇలాంటి టూల్‌ని టెస్ట్ చేయడానికి కావాల్సింది రకరకాల పాత వైఫై కార్డులు. అవి మీ హాస్టల్ ల్యాప్‌టాప్‌లలోనే ఉన్నాయి.