తిమింగలాన్ని కాపాడాలంటే ముందు బియ్యపు గింజంత జీవిని లెక్కపెట్టాలి

2017లో ఒక్క ఏడాదిలోనే ఉత్తర అట్లాంటిక్‌లో 17 రైట్ వేల్ తిమింగలాలు చనిపోయి కనిపించాయి. 12 కెనడా వైపు, 5 అమెరికా వైపు. అప్పటికి ప్రపంచం మొత్తమ్మీద ఈ జాతివి 500 కూడా లేవు. కొన్నింటిని ఓడలు గుద్దాయి, కొన్ని వేట తాళ్లకు చిక్కుకున్నాయి. కెనడాలో ఈ చావులు జరిగింది గల్ఫ్ ఆఫ్ సెయింట్ లారెన్స్‌లో. మనోళ్లు పనికెళ్లే గల్ఫ్ కాదు, కెనడా తూర్పున ఉండే చల్లటి సముద్రం. అంతకుముందు అంతగా వెళ్లని ఆ చోటికి ఇవి ఎందుకు వెళ్లినట్టు?

జవాబు వాటి తిండిలో ఉంది. ఆ తిండి పేరు కలానస్ ఫిన్‌మార్కికస్. పేరు చాంతాడంత, జీవి మాత్రం బియ్యపు గింజంత. రొయ్యకు, పీతకు దూరపు చుట్టం. ఇలా నీటి ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు కొట్టుకుపోయే జీవుల్ని జంతు ప్లవకాలు అంటారు. ఈ కలానస్ పూర్తిగా ఎదగడానికి ముందు దశలో ఒంట్లో నూనె నింపుకుని, లోతు నీళ్లలోకి దిగి, నెలల తరబడి తిండి లేకుండా నిద్రలాంటి స్థితిలో ఉండిపోతుంది. తిమింగలానికి కావాల్సింది ఆ నూనే.

రైట్ వేల్ దాదాపు 50 అడుగుల పొడవుంటుంది. పళ్లుండవు. నోరు తెరిచి ఈదుతూ, జల్లెడలాంటి పలకలతో నీళ్లు వడకట్టి తింటుంది. అంత పెద్ద నోరు తెరిచి ఈదాలంటే చాలా శక్తి ఖర్చవుతుంది. కామర్స్ చదివిన నాకు ఇదంతా పక్కా లాభనష్టాల ఖాతాలా కనిపిస్తుంది. నోట్లోకి వచ్చే నూనె ఈతకయ్యే ఖర్చు కన్నా ఎక్కువుండాలి. లేదంటే నష్టమే. అందుకే సముద్రంలో మొత్తం ఎన్ని కలానస్‌లు ఉన్నాయన్నది ముఖ్యం కాదు. ఒకే పొరలో ఎంత చిక్కగా ఉన్నాయన్నదే ముఖ్యం. బస్తా బియ్యం ఊరంతా చల్లేస్తే ఏరుకుని కడుపు నింపుకోగలమా? అదే బియ్యం బస్తాలోనే ఉంటే నెల గడిచిపోతుంది.

ఈ హిసాబ్ తేల్చే పనిలో పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులూ ఉంటారు. పడవ మీంచి సన్నటి వల లోతుకు దించి పైకి లాగుతారు. దొరికింది సీసాల్లో భద్రపరుస్తారు. అన్నీ లెక్కపెట్టడం అయ్యే పని కాదు కాబట్టి, ఆడిట్‌లో శాంపిల్ తీసినట్టు కొంత భాగం తీసి మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ లెక్కేస్తారు. ఏది ఏ దశలో ఉందో కూడా రాస్తారు.

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన మార్క్ బామ్‌గార్ట్నర్ ఇలాంటి పనే చేశారు. కెనడాలోని బే ఆఫ్ ఫండీ ప్రాంతంలో తిమింగలాల వీపుకు చిన్న పరికరాలు అతికించి, అవి ఎంత లోతుకు వెళ్తున్నాయో చూశారు. అదే చోట కలానస్ ఏ లోతులో ఉందో కొలిచారు. బ్రూస్ మేట్‌తో కలిసి 2003లో ఫలితాలు ప్రచురించారు. తిమింగలాలు 80 నుంచి 175 మీటర్ల మధ్య ఏదో ఒక లోతుకు నేరుగా దిగి, 5 నుంచి 14 నిమిషాలు అక్కడే ఉండి, మళ్లీ గబగబా పైకి వస్తున్నాయి. ఆ లోతుకీ, కలానస్ బాగా చిక్కగా ఉన్న పొరకీ లెక్క సరిపోయింది. అంటే ఊరికే తిరగడం లేదు, సరిగ్గా భోజనం దగ్గరికే వెళ్తున్నాయి.

తిమింగలాలు గుమిగూడే చోటు తెలిస్తే ఓడల్ని తప్పించొచ్చు. 2003లోనే బే ఆఫ్ ఫండీలో ఓడల దారిని పక్కకు జరిపారు. 2008లో అమెరికా కొన్ని ప్రాంతాల్లో, కొన్ని నెలల పాటు 65 అడుగులు, ఆపైన పొడవున్న ఓడల వేగాన్ని 10 నాట్లకు పరిమితం చేసింది.

కానీ సముద్రం మన రూల్స్ చూసుకుని నడవదు కదా. 2010 తర్వాత గల్ఫ్ ఆఫ్ మెయిన్ లోతుల్లోకి వెచ్చటి నీరు ఎక్కువగా వచ్చింది. చల్లదనం కోరే కలానస్ అక్కడ వేసవి చివర్లో తగ్గింది. తిమింగలాలు తిండి వెతుక్కుంటూ ఉత్తరానికి వెళ్లాయి. 2015 నుంచి సెయింట్ లారెన్స్‌లో ఎక్కువగా కనిపించసాగాయి. అక్కడ పీతల వేట తాళ్లున్నాయి, ఓడలున్నాయి, తిమింగలాల కోసం పెట్టిన రూల్స్ మాత్రం లేవు. తిండి జరిగింది, తిమింగలం జరిగింది, రక్షణ పాత చోటే ఉండిపోయింది. ఆ తేడాకి కట్టిన ధర 2017. ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఒక్క పిల్ల కూడా పుట్టినట్టు కనిపించలేదు.

2017 ఆగస్టులోనే కెనడా అక్కడ వేగ పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది నుంచి తిమింగలం కనిపించిన చోట వేట ఆపుతోంది. ఇప్పుడు ఈ జాతి సంఖ్య 380 దగ్గర ఉందని అంచనా.

విమానంలోంచి చూస్తే తిమింగలం ఈ రోజు ఎక్కడుందో తెలుస్తుంది. రేపు ఎక్కడికి వెళ్తుందో ముందే పసిగట్టాలంటే మాత్రం దాని తిండి ఎటు జరుగుతోందో చూడాలి. అందుకే ఎక్కడో ఒక ల్యాబ్‌లో ఒక స్టూడెంట్ సీసా తెరిచి, ఆ బియ్యపు గింజల్ని మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతూనే ఉండాలి.