పర్సులో సగం ఒక్క రైడర్‌కు

2 కోట్ల 26 లక్షల 50 వేలు. 2022 ఆగస్టులో ముంబయిలో జరిగిన ప్రొ కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ పాడుకున్న ధర ఇది. అప్పటిదాకా లీగ్‌లో ఏ ఆటగాడికీ అంత పలకలేదు. విశాఖ వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర కబడ్డీ మాట్లాడేవాళ్లకు ఇలాంటి అంకె చాలు. ‘ఏటి గురూ, ఒక్కడికి అంతా? మిగతా ఆరుగురూ ఊరికే ఆడతారా?’ అని ఒకరు మొదలుపెడితే, ‘పవన్‌రా బాబూ, ఎంత పెట్టినా తక్కువే’ అని ఇంకొకరు అందుకుంటారు. ఎదుటి జట్టు ఎవరిని కొన్నదో, ఎందుకు కొన్నదో తేల్చడం ఇక్కడి అభిమానులకు ఆట చూడటంతో సమానమైన పని.

విశాఖ వాళ్లకు తెలుగు టైటాన్స్ టీవీలో పరిచయమైన జట్టు కాదు. 2014లో లీగ్ మొదలైన ఏడాదే ఈ జట్టు రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో ఆడింది. మూడో సీజన్ 2016 జనవరి 30న ఇక్కడే ఆరంభమైంది. తలైవాస్ 2017లో వచ్చారు. ఇరుగుపొరుగు కాబట్టి పోటీ వెంటనే అంటుకుంది. 2019లో అది ఇంటి గొడవగా కూడా మారింది. ఆరు సీజన్లు టైటాన్స్‌కు ముఖంగా ఉన్న రాహుల్ చౌదరి 94 లక్షలకు తలైవాస్‌కు వెళ్లాడు. టైటాన్స్ ఆ ఏడాది 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చుకున్నారు. ఎవరు తెలివిగా కొన్నారన్న వాదన సీజనంతా నడిచింది. చివరికి 12 జట్లలో టైటాన్స్ 11, తలైవాస్ 12. తర్వాతి సీజన్లో స్థానాలు మారాయంతే: తలైవాస్ 11, టైటాన్స్ 12. కప్పు ఎవరిదన్న ప్రశ్న వీళ్ల దగ్గరికి రాలేదు. ఇద్దరిలో అడుగున ఎవరన్నదే ప్రశ్న. అందుకే 2022లో తలైవాస్ పాడిన పాట మీద అంత చర్చ.

ఆ చర్చలో అందరూ ధర గురించే మాట్లాడారు. ఒక ఆటగాడికి రెండుంపావు కోట్లు ఎక్కువా, తక్కువా? ఆ ప్రశ్నకు జవాబు ఎటు చెప్పినా దాంతో జట్టు సంగతి తేలదని నా అభిప్రాయం. పక్కన ఇంకో అంకె పెడితే గానీ ఆ ధరకు అర్థం రాదు. 2022లో ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగలిగిన పర్సు 4.4 కోట్లు. అంటే పవన్ ఒక్కడికే 51 శాతం దాటి పోయింది. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగిలిన 2.135 కోట్లను మిగతా 17 మందికి పంచితే తలకు సుమారు 12.5 లక్షలు.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల పాట చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. చేతిలో ఉన్న డబ్బులో సగం పోసి ఒక్క పెద్ద వంజరం పాడుకున్న వ్యాపారి, మిగతా సగంతో బల్లంతా నింపుకోవాలి. వంజరానికి ఆ రేటు న్యాయమే కావచ్చు. ఆ రోజు బేరం మాత్రం బల్ల మీద ఇంకా ఏమున్నాయన్న దాన్ని బట్టే సాగుతుంది.

ఇక తలైవాస్ బల్ల మీద ఏం మిగిలిందో చూద్దాం. 2022 అక్టోబర్ 8న గుజరాత్ జెయింట్స్‌తో తొలి మ్యాచ్. మొదటి సగంలోనే పవన్ మోకాలికి దెబ్బ తగిలింది. మైదానం బయటికి మోసుకెళ్లారు. ఆ సీజన్లో అతను మళ్లీ ఆడలేదు. పర్సులో సగం పెట్టిన మనిషి ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా ఆడలేదు! తలైవాస్ వేలం తప్పని వాదించినవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపించింది.

జరిగింది వేరు. అప్పటివరకూ ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ చూడని తలైవాస్ ఆ సీజన్లో అయిదో స్థానంలో నిలిచారు. ఎలిమినేటర్‌లో యూపీ యోధాస్‌ను టైబ్రేకర్‌లో ఓడించి సెమీఫైనల్ చేరారు. అక్కడ పుణెరి పల్టన్ చేతిలో 37-39తో, రెండే పాయింట్ల తేడాతో ఓడారు. ఆ జట్టు చరిత్రలో అదే గొప్ప సీజన్. పవన్ లేని చోట కూతకు వెళ్లింది నరేందర్ అనే కొత్త కుర్రాడు. లీగ్‌లో అదే అతని తొలి సీజన్, రైడ్ పాయింట్లు 243. వెనకాల సాగర్, సాహిల్ గులియా, హిమాంశు, అభిషేక్ లాంటి డిఫెండర్లు పట్లు పట్టారు. వేలం వార్తల్లో వీళ్ల పేర్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో గెలిచినవి 2.

ఇక్కడ నాకు కోపం వచ్చే భాగం ఉంది. 2023 అక్టోబర్‌లో పవన్ మళ్లీ వేలానికి వచ్చాడు. ఏడాది పాటు తలైవాస్ పాటను విమర్శించిన అభిమానులున్న జట్టే ఈసారి ఇంకా ఎక్కువ పాడింది. టైటాన్స్ పెట్టింది 2 కోట్ల 60 లక్షల 50 వేలు, కొత్త రికార్డు. పర్సు 5 కోట్లకు పెరిగింది కాబట్టి వాటా చూస్తే 52 శాతం. తలైవాస్ ఇచ్చిన వాటా కంటే కొంచెం ఎక్కువే. పవన్ ఆడాడు, బాగా ఆడాడు. ఆ సీజన్లో అతని రైడ్ పాయింట్లు 202, అంటే మ్యాచ్‌కు తొమ్మిదికి పైగా. జట్టు గెలిచినవి మళ్లీ 2. వరుసగా మూడో ఏడు అట్టడుగు స్థానం.

రెండు సీజన్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. స్టార్ రైడర్ ఆడకుండానే ఒక జట్టు సెమీస్‌కు వెళ్లింది. అదే రైడర్ 200 దాటి పాయింట్లు తెచ్చినా ఇంకో జట్టు రెండు మ్యాచ్‌లే గెలిచింది. ఈ తేడా పుట్టింది కబడ్డీ నియమాల్లోనే.

కబడ్డీలో రైడర్ పట్టుబడితే బయట కూర్చోవాలి. అతను తిరిగి రావాలంటే సహచరుల్లో ఎవరో ఒకరు ఎదుటి ఆటగాణ్ణి ఔట్ చేయాలి. ఒక్క ఔట్‌కు ఒక్కరు లోపలికి వస్తారు. బోనస్ పాయింటుతో ఎవరూ తిరిగి రారు. మ్యాచ్ 40 నిమిషాలు, ఒక్కో కూత 30 సెకన్లు. అన్ని కూతలూ పూర్తిగా సాగితే మొత్తం 80, జట్టుకు 40. పవన్ బయట కూర్చున్న ప్రతి నిమిషం రెండు కూతలు గడిచిపోతాయి. అందులో ఒకటి టైటాన్స్‌ది, అది అతను లేకుండా వెళ్లాల్సిన కూత. అతన్ని త్వరగా లోపలికి తేవాల్సింది ఇద్దరు మంచి కార్నర్ డిఫెండర్లు, నమ్మదగిన రెండో రైడర్. వాళ్లను కొనాల్సిన డబ్బు అప్పటికే అతని మీద ఖర్చయిపోయింది. ఎదుటి జట్లు ఈ సంగతి కనిపెట్టాయి. పవన్‌ను ఒకసారి పట్టుకుంటే చాలు, మళ్లీ రావడానికి ఆలస్యమవుతుంది. ఈలోపు ఆలౌట్ పడితే అదనంగా రెండు పాయింట్లు.

ఈ లెక్కకు ఎదురు సాక్ష్యం అదే 2023 వేలంలో ఉంది. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూను పుణెరి పల్టన్ 2.35 కోట్లకు పాడింది. పర్సులో 47 శాతం. టైటాన్స్ కంటే మిగిలింది 25.5 లక్షలే ఎక్కువ. 17 మందికి పంచితే తలకు లక్షన్నర. ఆ లక్షన్నరతో కప్పు రాదు. అయినా 2024 మార్చి 1న ఫైనల్లో హరియాణా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి పుణె కప్పు ఎత్తింది.

పాయింటుకు ఎన్ని రూపాయలు పడ్డాయని అభిమానులు తరచూ లెక్క వేస్తారు. వేసి చూడండి. పవన్ 202 పాయింట్లకు ఒక్కోటి సుమారు 1.29 లక్షలు. షాద్లూ ఆ సీజన్లో పట్లతో తెచ్చిన పాయింట్లు 99, అంటే ఒక్కోటి సుమారు 2.37 లక్షలు. ఈ కొలమానంతో చూస్తే పుణె మోసపోయింది, టైటాన్స్ లాభపడ్డారు. కానీ పాయింట్ల పట్టికలో పుణె మొదటి స్థానం, టైటాన్స్ చివరి స్థానం. తప్పుడు కొలమానం ఎలా ఉంటుందో చెప్పడానికి నేనెప్పుడూ ఈ ఉదాహరణే చూపిస్తాను.

పుణె చేతిలో అప్పటికే ఏముందో చూడాలి. అస్లమ్ ఇనామ్దార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే, అభినేశ్ నటరాజన్, గౌరవ్ ఖత్రీ. కుర్రాళ్లుగా చేరి ఆ జట్టులోనే ఎదిగినవాళ్లు. అస్లమ్ ఆ సీజన్ అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. సగం పర్సు పోయినా తట్టుకునే బల్ల వాళ్లది. షాద్లూ వచ్చి ఉన్న ఒక్క ఖాళీ నింపాడు. టైటాన్స్ మాత్రం ఖాళీ బల్ల మీద ఒక్క ఖరీదైన చేప పెట్టారు. తర్వాతి ఏడాది అదే షాద్లూ 2.07 కోట్లకు హరియాణా వెళ్లాడు, 2024 డిసెంబర్‌లో ఆ జట్టూ కప్పు గెలిచింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది. అక్కడా ఇదే కథ. 1989 అక్టోబర్‌లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టు హెర్షెల్ వాకర్ అనే ఒక్క ఆటగాడి కోసం డాలస్ కౌబాయ్స్‌కు పలువురు ఆటగాళ్లతో పాటు రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ అవకాశాలను కట్టగట్టి ఇచ్చేసింది. డాలస్ ఆ అవకాశాలతో జట్టు కట్టుకుని తర్వాతి ఆరు సీజన్లలో మూడు సూపర్ బౌల్స్ గెలిచింది. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ డ్రాఫ్ట్ లెక్కలన్నీ తిరగేసి 2013లో ప్రచురించిన వ్యాసంలో, అందరూ ఎగబడే మొదటి ఎంపికలకు జట్లు అసలు విలువకు మించి చెల్లిస్తున్నాయనీ, ఖర్చుకు మించిన ఫలం ఎక్కువగా రెండో రౌండ్‌లోనే దొరుకుతోందనీ తేల్చారు. థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మళ్లీ కబడ్డీకి వస్తే, 2024 వేలానికి టైటాన్స్ ఒక మెట్టు దిగారు. పవన్‌ను అట్టిపెట్టుకోవడానికి 1.725 కోట్లు. 34.5 శాతం. ఏడాది ముందుతో పోలిస్తే 88 లక్షలు మిగిలాయి. పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఆ మ్యాచ్‌ల్లో విజయ్ మలిక్ జట్టును నడిపించాడు. 2 గెలుపుల నుంచి 12 గెలుపులకు చేరి ఏడో స్థానంలో ఆగారు. ఆ ఏడాది అత్యధిక ధర మళ్లీ తలైవాస్‌దే: సచిన్ తన్వర్‌కు 2.15 కోట్లు, 43 శాతం. వాళ్లు ప్లేఆఫ్స్ చేరలేదు.

2025 వేలంలో పవన్ ధర 59.5 లక్షలకు పడిపోయింది. కొన్నది తలైవాస్. అర్జున్ దేశ్వాల్‌కు 1.405 కోట్లు. ఇద్దరికీ కలిపి సరిగ్గా 2 కోట్లు, పర్సులో 40 శాతం. ఇద్దరూ రైడర్లే. టైటాన్స్ వైపు భరత్ హుడాకు 81 లక్షలు, విజయ్ మలిక్‌కు 51.5 లక్షలు, కలిపి 26.5 శాతం. ఇదే భరత్‌కు ఏడాది ముందు యూపీ యోధాస్ 1.3 కోట్లు ఇచ్చారు. ‘ఈసారి మనోళ్లు పెద్ద పేరు ఎవర్నీ తేలేదేటి?’ అన్న నిరాశ విశాఖలో వినిపించింది. ఆ నిరాశ నాకు లేదు. పదేళ్లలో మొదటిసారి ఆ జట్టు పర్సును జట్టుగా ఖర్చు పెట్టిందనిపించింది.

ఆ సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖలోనే మొదలైంది, అదీ టైటాన్స్, తలైవాస్ మ్యాచ్‌తో. సొంత జనం ముందు టైటాన్స్ 35-38తో ఓడారు. ఆ రాత్రి మ్యాచ్ చూసి వన్ టౌన్ వైపు వెళ్లే ఆటోల్లో తలైవాస్ రెండు కోట్లు సార్థకమయ్యాయని ఎవరన్నా అని ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. సుమారు రెండు వారాలకే పవన్‌ను క్రమశిక్షణ కారణాలు చూపి తలైవాస్ ఇంటికి పంపేశారు. ఆ ఆరోపణను అతను గట్టిగా ఖండించాడు. సీజన్ ముగిసేసరికి తలైవాస్ మొదటి ఎనిమిదిలో కూడా లేరు. టైటాన్స్ మొదటి నాలుగులో నిలిచారు. 2016 తర్వాత ప్లేఆఫ్స్ ఆడటం అదే మొదటిసారి. బెంగళూరు బుల్స్‌ను, పట్నా పైరేట్స్‌ను ఓడించి ఫైనల్‌కు ఒక్క మ్యాచ్ దూరంలోకి వచ్చారు.

ఆ మ్యాచ్‌లో పుణెరి పల్టన్ చేతిలో స్కోరు 45-50. కబడ్డీలో 45 పాయింట్లు చేసిన జట్టు మామూలుగా గెలవాలి. కూతలో లోటు లేదు, కారిపోయింది పట్లలో. కాబట్టి వచ్చే వేలంలో టైటాన్స్ బల్ల దగ్గర పాట ఏ రైడర్ మీద ఆగిందన్నది నేను రెండోసారి చూస్తాను. ముందు చూసేది, ఎడమ కార్నర్‌కు, కుడి కార్నర్‌కు పర్సులో ఎంత పక్కన పెట్టారన్నది.