మా ఇంటా వంటా లేని జబ్బు

పిల్లల వార్డులో ఇన్నేళ్లుగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటున్నది. "సిస్టరమ్మా, మా ఇంటా వంటా ఈ జబ్బు లేదండీ."

కొన్నేళ్ల క్రితం ఒక ఎనిమిది నెలల బాబును తీసుకొచ్చారు. ఒళ్లంతా సున్నం కొట్టినట్లు పాలిపోయి, స్ప్లీన్ పెరిగి పొట్ట ఉబ్బి ఉన్నది. హిమోగ్లోబిన్ 4 గ్రాములే. పరీక్షలో తలసీమియా మేజర్ అని తేలింది. అనగా బాబు శరీరం సరైన హిమోగ్లోబిన్ తయారు చేసుకోలేదు. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో పేరుకునే ఇనుమును తీసివేయడానికి వేరే మందులు వాడాలి.

నాయనమ్మ ఆ మాటే అన్నది. అంతటితో ఆగక, "అంతా పిల్ల తరఫు నుంచే వచ్చింది" అన్నది. తల్లి గోడవైపు తిరిగి ఏడుస్తున్నది. ఆ తల్లి ఎవరో కాదు, ఆ అత్తగారి సొంత అన్న కూతురే!

తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటే బిడ్డకు జబ్బు ఎలా వచ్చిందన్నది న్యాయమైన ప్రశ్నే. దీనికి దారి చూపినది గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి. నేటి చెక్ దేశంలోని బ్రనో పట్టణపు మఠం తోటలో 1856 నుండి 1863 వరకు బఠాణీ మొక్కలు పెంచి గింజలు లెక్కపెట్టారు. గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో కలిపితే మొదటి తరమంతా గుండ్రటి గింజలే వచ్చాయి. ముడత పోయిందనుకుంటాము గదా! మరుసటి తరంలో 5474 గుండ్రటివి, 1850 ముడతలవి వచ్చాయి. అంటే ముడత పోలేదు, దాగి ఉన్నది. ఈ ఫలితాలను 1866లో అచ్చు వేస్తే పట్టించుకున్నవారు తక్కువ. 1884లో ఆయన మరణించారు. లోకం దాని విలువ గుర్తించినది 1900లో.

ఆ కుటుంబానికి నేను ఓ.పి. చీటీలు చింపి చూపించాను. ఈ లక్షణానికి ప్రతి మనిషి దగ్గర రెండు చీటీలుంటాయి, ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఒకటి బాగుంటే చాలు, మనిషి మామూలుగానే తిరుగుతాడు. రెండవది చెడ్డదైతే అతనిని క్యారియర్ అంటారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ఒక్కొక్కరు ఒక్కో చీటీ బిడ్డకిస్తారు. నాలుగింట ఒక వంతు రెండూ మంచివి, రెండు వంతులు తల్లిదండ్రులవలె క్యారియర్, ఒక వంతు రెండూ చెడ్డవి. ఇద్దరిలో ఒక్కరి చీటీ వల్ల ఈ జబ్బు రాదు. కాబట్టి కోడలినొక్కదానినే తప్పుపట్టడం కుదరదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. "ఒకడికి వచ్చింది గదా, తర్వాతి ముగ్గురికీ భయం లేదు" అనుకుంటారు. అలా కాదు. ప్రతి కాన్పుకూ చీటీలు మళ్లీ కొత్తగా తీస్తారు. ఇద్దరూ క్యారియర్లని ముందే తెలిస్తే గర్భం మూడవ నెలలోనే బిడ్డకు పరీక్ష చేయించుకునే వీలున్నది.

మన మేనరికాల సంగతి కూడా చెప్పాలి. తాతగారి దగ్గరున్న ఒక్క చెడ్డ చీటీ కొడుకుకూ, కూతురుకూ రావచ్చు. వారి పిల్లలకు పెళ్లి చేస్తే అదే చీటీ రెండు వైపుల నుండీ ఒక బిడ్డను చేరవచ్చు. బావామరదళ్ల జన్యువులలో సగటున ఎనిమిదింట ఒక వంతు ఒకే పూర్వీకుల నుండి వచ్చినవే. అక్క కూతురిని చేసుకున్న మేనమామకైతే అది నాలుగింట ఒక వంతు. అలాగని మేనరికమైన ప్రతి ఇంటా జబ్బు వస్తుందని కాదు, బయటి సంబంధాలలో రాదనీ కాదు. (ఎత్తు, రంగు, షుగరు వంటివి ఒక్క జత చీటీలతో తేలేవి కావు, ఆ లెక్క వేరు.)

క్యారియర్లకు కొద్దిపాటి రక్తహీనత ఉండవచ్చు. ఇనుము లోపం ఉన్నదో లేదో చూడకుండా నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా అది తీరదు. మామూలు రక్తపరీక్షలో అనుమానం వస్తే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్షతో తెలుస్తుంది. పెళ్లికి ముందు చేయించుకుంటే మంచిది, కనీసం గర్భం నిలిచిన వెంటనే.

ఆ రోజు భార్యాభర్తలిద్దరూ క్యారియర్లని తేలింది. తర్వాత నాయనమ్మకూ, ఆమె అన్నకూ పరీక్ష చేస్తే వారిద్దరూ క్యారియర్లే. రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత లేచి వెళ్లి కోడలి ఒళ్లోని బాబును తాను తీసుకుని, "నువ్వు పోయి అన్నం తినిరా తల్లీ" అన్నది.

రెండవ కొడుక్కి సంబంధాలు చూసేటప్పుడు ఆమే చెయ్యిపట్టి ల్యాబుకు తీసుకొచ్చింది. అతను క్యారియర్ కాదు.