పైసలిచ్చిన మనిషిని బాకీదారు చేసిన నా స్క్రిప్ట్

“రెండు బస్తలు తీసుకున్న, రెండుసార్లు పైసలు కొట్టిన బిడ్డా. ఇంకేం బాకీ?” అన్నడు కాక. దుకాణంల పదిమంది ఉన్నరు. నేను కంప్యూటర్ చూసి, “లేదు కాకా, ఒక్కసారే పడ్డట్టున్నది. ఇంకా 1,350 ఇయ్యాలె” అన్న. ఆయన మారు మాట్లాడలే. తువ్వాల భుజాన ఏసుకొని ఎల్లిపోయిండు.

తప్పు ఆయనది కాదు, నాది. అది ఎట్లయిందో చెప్తే, ఊళ్లల్ల లెక్కలు రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తదని రాస్తున్న.

నేను ఒక ఎరువుల దుకాణంల లెక్కలు చూస్త. 2016ల యూపీఐ వచ్చినప్పుడు మా దిక్కు దాన్ని పట్టించుకున్నోళ్లు తక్కువ. ఇప్పుడు ఒక్క యూరియా బస్తకు సుత ఫోన్ తీసి స్కాన్ చేస్తున్రు. రోజూ రాత్రి ఆ చెల్లింపుల ఫైల్ దించుకొని, ఒక్కొక్కటి చూసి ఖాతా బుక్కుల ఎక్కించుడే నా పని. సీజన్ల అర్ధరాత్రి దాటేది. అందుకే పైథాన్ నేర్చుకొని చిన్న స్క్రిప్ట్ రాసిన. అది ఫైల్ చదివి, ఒక్కో వరుసను డేటాబేస్ల ఎక్కిస్తది.

డేటాబేస్ అంటే భయపడేదేం లేదు. ఒకదానితోని ఒకటి ముడిపడ్డ పట్టికలు, గంతే. మా దాంట్ల మూడు ఉన్నయి: రైతులు, అమ్మకాలు, చెల్లింపులు. ప్రతి రైతుకు ఒక ఖాతా నంబర్. ఆ నంబరే మూడింటినీ కలుపుతది. పేరును నమ్ముకుంటే పని కాదు. ఒక్క ఊర్లనే ఒకే పేరున్నోళ్లు నలుగురుంటరు. పైగా నాయిన కొన్న మందుకు పట్నంల ఉన్న కొడుకు పైసలు కొడతడు. ఎస్‌క్యూలైట్ అనే ఉచిత డేటాబేస్‌ను నడిపే సరంజామా పైథాన్‌ తోనే వస్తది. సర్వర్ అక్కర లేదు, అంతా ఒక్క ఫైల్ల ఉంటది.

ఇగ నా తప్పు. ఒక రాత్రి స్క్రిప్ట్ నడుస్తుంటే కరెంటు పోయింది. వచ్చినంక మళ్ల నడిపిన. సగం చెల్లింపులు రెండేసిసార్లు ఎక్కినయి. దాన్ని ఆపనీకి ఒక షరతు పెట్టిన: ఒకే రోజు, ఒకే పేరు, ఒకే మొత్తం ఉంటే అది నకలు, వదిలెయ్. మస్తు తెలివైన పని చేసిన అనుకున్న. కాక పొద్దుగాల ఒక డీఏపీ బస్త, మాపటికి ఇంకో బస్త కొన్నడు. రెండుసార్లు 1,350 కొట్టిండు. నా షరతు రెండోదాన్ని నకలనుకొని పారేసింది.

మనిషికి ఆధార్ నంబర్ ఉన్నట్టే, ప్రతి యూపీఐ చెల్లింపుకు 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటది. చెల్లింపును గుర్తుపట్టేది దాన్నిబట్టే, పేరునో మొత్తాన్నో బట్టి కాదు. ఆ నంబర్‌ను చెల్లింపుల పట్టికకు ప్రైమరీ కీ చేస్తే, అదే నంబర్ రెండోసారి వచ్చినప్పుడు డేటాబేసే వద్దంటది. స్క్రిప్ట్ల ‘ఇన్సర్ట్ ఆర్ ఇగ్నోర్’ అని రాస్తే, ఉన్నదాన్ని దాటేసి కొత్తదాన్నే ఎక్కిస్తది. పదిసార్లు నడిపినా లెక్క మారదు.

ఇంకొన్ని జాగ్రత్తలు. దించుకున్న ఫైల్‌ను ఎక్సెల్ల తెరిచి సేవ్ చేయకుండ్రి. 12 అంకెల నంబర్‌ను అది 4.12ఈ+11 లెక్క కుదించి చూపిస్తది, అట్లనే సేవ్ చేస్తే అసలు అంకెలు పోతయి. డేటాబేస్ల సుత ఆ నంబర్‌ను అక్షరాల లెక్కనే దాచాలె. పైసలను దశాంశాలల్ల పెట్టొద్దు. కంప్యూటర్ల 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. 266.50 రూపాయలను 26,650 పైసలని రాస్తే గొడవే ఉండదు. సక్సెస్ అయిన వరుసలనే ఎక్కించాలె, పెండింగ్‌ల ఉన్నది తేలినంక ఎక్కుతది. ఫైల్ మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌గా నడిపితే, నడిమిట్ల కరెంటు పోయినా ఎక్కితే అంతా ఎక్కుతది, లేకుంటే ఒక్కటి సుత ఎక్కదు. ఎవరి ఖాతాదో తెల్వని చెల్లింపును ఊహించి నింపొద్దు, అడిగి నింపాలె. ఈ పనికి పిన్‌తోని అవసరమే లేదు, ఎవరడిగినా చెప్పకుండ్రి. జనం పేర్లు, లెక్కలు ఉన్న ఫైల్‌ను వాట్సాప్ గ్రూపుల పెట్టకుండ్రి.

అన్నిటికంటె ముఖ్యం, దించుకున్న అసలు ఫైళ్లను పారేయొద్దు. నేను దాచిపెట్టిన కాబట్టే కాక ఇచ్చిన రెండు చెల్లింపులూ దొరికినయి. ఆ రోజు మాపటికే వాళ్లింటికి పోయి రెండు నంబర్లు చూపెట్టిన. “గా నంబర్లు నాకేం ఎరుక బిడ్డా. నేను పైసలిచ్చిన్నని ఆ నలుగుర్ల చెప్పు” అన్నడు. తెల్లారి దుకాణంల అందరి ముంగట చెప్పిన.

మీరు సుత ఇట్లాంటి స్క్రిప్ట్ రాస్తే, ఊరోళ్ల లెక్క ముట్టకముందు మీ సొంత నెల లెక్క మీద నడిపి చూడుండ్రి. ఫైల్ల ఎన్ని వరుసలు, కొత్తగ ఎన్ని ఎక్కినయి, మొత్తం ఎంత అని అది చెప్పాలె. ఎంటనే అదే ఫైల్ మళ్ల నడపుండ్రి. కొత్తగ ఎక్కినయి సున్నా అని వచ్చి, మొత్తం బ్యాంకు లెక్కతోని పైసతో సహా కలిస్తెనే దాన్ని దుకాణంల పెట్టుండ్రి.