పరిశోధన వ్యాసాల అన్వేషణ

పరిశోధనకు మూలం ప్రశ్న. ప్రశ్న స్పష్టంగా లేనివారికి ఎంత గొప్ప గ్రంథాలయమైనా దారి తెలియని అడవిలాగానే తోస్తుంది. 'పల్నాటి వీరచరిత్ర' అనేది విషయం మాత్రమే. 'దానిని రచించినది శ్రీనాథుడేనా?' అనేది ప్రశ్న.

గురజాల, మాచర్ల, కారెంపూడి ప్రాంతాలలో ఈ వీరగాథ ఎరుగనివారు అరుదు. పల్నాటి పండితుడు అక్కిరాజు ఉమాకాంతం 1911లో దీనిని పరిష్కరించి ప్రకటించారు. ఇది శ్రీనాథుని కృతి అని ప్రసిద్ధి. అయితే ఈ కర్తృత్వం విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఒక్క పుస్తకంతో తృప్తిపడిన విద్యార్థికి ఆ వివాదం సంగతే తెలియదు. ఇరుపక్షాల వాదాలను, వాటి ఆధారాలను వివరంగా చర్చించేవి పరిశోధన వ్యాసాలు.

వ్యాసాన్ని వెదకడానికి మొదటి మెట్టు గ్రంథసూచి. జీన్ రోఘేర్ పల్నాటి వీరుల కథను గాయకుల నోట విని, 1982లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. ఇటువంటి గ్రంథాల చివరనుండే సూచి మరికొన్ని రచనలకు దారి చూపుతుంది. వ్యాసకర్త, వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటం, సంచిక, సంవత్సరం, పుటలు - వీటిని వెంటనే రాసుకోవాలి. ఈ వివరాలుంటే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పని సులభమవుతుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన 'భారతి' 1924 నుండి 1991 వరకు వెలువడింది. అటువంటి పత్రికల పాత సంచికలను గ్రంథాలయాలు సంపుటాలుగా కట్టి భద్రపరుస్తాయి. కొన్ని సంచికల పుటలు నేడు కంప్యూటర్‌లోనూ లభిస్తున్నాయి. కాని అవి కేవలం ఛాయాచిత్రాలైతే, పదం టైపు చేసినంత మాత్రాన వ్యాసం దొరకదు. సంచికల విషయసూచికలను ఓపికగా చూడవలసిందే.

కంప్యూటర్‌లో వెదికేటప్పుడు భాషాజ్ఞానం కూడా అవసరం. 'పల్నాడు' అనే మాట విభక్తి చేరే సందర్భంలో 'పల్నాటి' అవుతుంది. 'కారెంపూడి'కి 'కార్యమపూడి' అనే రూపమూ ఉంది. ఒక రూపంతోనే వెదికితే రెండవ రూపంలో ఉన్న వ్యాసాలు తప్పిపోతాయి. ఆంగ్ల లిపిలోని వర్ణక్రమ భేదాలనూ గమనించాలి.

కోరిన సంచిక అక్కడ లేకపోతే నిరాశ చెందనవసరం లేదు. గ్రంథపాలకుని అడిగితే ఇతర గ్రంథాలయాల నుండి ప్రతిని తెప్పించే అవకాశం ఉంటుంది. 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికలకు నిలయాలు.

దొరికిన వ్యాసాన్ని నమ్మడానికి ముందు పరీక్షించాలి. రచయిత చూపిన ఆధారం శాసనమా, తాళపత్రమా, జనశ్రుతియా అని విచారించాలి. తన అభిప్రాయానికి విరుద్ధమైన వ్యాసాన్ని సైతం శ్రద్ధగా చదివినవాడే నిజమైన పరిశోధకుడు.