పాత ట్రాక్టర్ ఇంజిన్‌ను లాగుడు పోటీలకు అనువుగా మార్చడం: సామర్థ్యం, పట్టు, భద్రత

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల వ్యవసాయ ప్రదర్శనలలో పాత ట్రాక్టర్ల లాగుడు పోటీలకు విశేష ఆదరణ ఉంది. గుర్రాల జతలతో బరువులు లాగించే పోటీల నుండి ఇవి రూపొందాయి. ఒంగోలు జాతి ఎడ్లతో జరిగే బండలాగుడు పోటీలను చూసినవారికి వీటి స్వభావం సులభంగా బోధపడుతుంది. 1969లో నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ ఏర్పడిన తరువాత నియమాలలో ఏకరూపత పెరిగింది. ఈ పోటీల కోసం ఏడెనిమిది దశాబ్దాల నాటి ఇంజిన్‌ను మార్చేటప్పుడు ఎదురయ్యే సమస్యలు వ్యవసాయ ఇంజినీరింగులో మౌలికమైనవి. శక్తి, పట్టు, బరువు మార్పిడి, అపకేంద్ర బలం అనే నాలుగు అంశాలూ ఇక్కడ ఒకేచోట పరీక్షకు నిలుస్తాయి.

పోటీ స్వరూపం

ట్రాక్టర్ వెనుక కట్టే బండిని స్లెడ్ అంటారు. దీని వెనుక భాగం చక్రాలపైనా, ముందు భాగం నేలను రాసుకునే ఉక్కు పలకపైనా ఆనుతుంది. స్లెడ్ కదిలేకొద్దీ దానిపై ఉన్న బరువుల పెట్టె చక్రాల వైపు నుండి ముందుకు జరుగుతుంది. అందువల్ల పలకపై భారం, నేలతో ఘర్షణ క్రమంగా పెరుగుతాయి. సాధారణంగా 300 అడుగులు (సుమారు 91 మీటర్లు) లాగితే పూర్తి దూరంగా పరిగణిస్తారు. ట్రాక్టర్లను బరువును బట్టి తరగతులుగా విభజిస్తారు.

మూల ఇంజిన్ స్థితి

ఉదాహరణగా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1939లో ప్రవేశపెట్టిన ఫార్మాల్ ఎం ట్రాక్టర్‌ను తీసుకోవచ్చు. దీని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో బోరు 3.875 అంగుళాలు, స్ట్రోకు 5.25 అంగుళాలు, నిర్ణీత వేగం నిమిషానికి 1450 చుట్లు. బెల్ట్ పుల్లీ వద్ద లభించే శక్తి సుమారు 36 హార్స్‌పవర్. నాటి ట్రాక్టర్ ఇంధనాల ఆక్టేన్ విలువ తక్కువ కావడంతో సంపీడన నిష్పత్తిని కూడా తక్కువగా ఉంచారు. నేటి పెట్రోలు ఇంతకంటే ఎక్కువ సంపీడనాన్ని తట్టుకుంటుంది. శక్తిని పెంచడానికి గల మొదటి అవకాశం ఇదే.

బోరు, సంపీడన నిష్పత్తి

ఈ ఇంజిన్‌లో సిలిండర్ స్లీవ్‌లను మార్చుకునే వీలుంది. పెద్ద బోరు గల స్లీవ్‌లు, పిస్టన్లు అమర్చడం తొలి మార్పు. స్ట్రోకు మార్చకుండా, దహన గది పరిమాణం సిలిండర్‌కు 203 ఘన సెంటీమీటర్లుగా స్థిరంగా ఉందని భావిస్తే ఫలితాలు ఇలా ఉంటాయి.

బోరు 3.875 అంగుళాలు: ఘనపరిమాణం 4.06 లీటర్లు, సంపీడన నిష్పత్తి 6.0
బోరు 4.000 అంగుళాలు: ఘనపరిమాణం 4.32 లీటర్లు, సంపీడన నిష్పత్తి 6.3
బోరు 4.125 అంగుళాలు: ఘనపరిమాణం 4.60 లీటర్లు, సంపీడన నిష్పత్తి 6.7

బోరు పెంచడం వల్ల ఘనపరిమాణం 13 శాతం వరకు పెరగడమే కాక, సంపీడన నిష్పత్తి కూడా దానంతటదే పెరుగుతుందని ఈ అంకెలు తెలుపుతున్నాయి. 4 అంగుళాల బోరును సూపర్ ఎం నమూనాలోను, 4.125 అంగుళాల బోరును ఫార్మాల్ 450 నమూనాలోను తయారీదారే వాడారు. ఆ పరిధి దాటితే గోడల మందం తగ్గి, పాత పోత ఇనుము పగిలే ప్రమాదం పెరుగుతుంది. పగిలిన బ్లాకుకు బదులు కొత్తది తయారై రాదు.

సిలిండర్ హెడ్ అడుగును చదును చేసి గాని, ఎత్తయిన పిస్టన్లు వాడి గాని సంపీడన నిష్పత్తిని ఇంకా పెంచవచ్చు. ఆదర్శ ఆటో చక్రం ప్రకారం నిష్పత్తి 6 వద్ద ఉష్ణ సామర్థ్యం 51 శాతం, 8 వద్ద 56 శాతం. అంటే అదే ఇంధనం నుండి దాదాపు పదో వంతు అదనపు పని లభించే వీలుంది. అయితే ప్రతి దశలోనూ వాల్వుకు, పిస్టన్‌కు మధ్య ఖాళీని కొలవాలి. సంపీడనం పెరిగినప్పుడు మిశ్రమం వేగంగా మండుతుంది కనుక స్పార్క్ సమయాన్ని తిరిగి సరిచేయాలి. లేనిచో ఇంజిన్ నాకింగ్‌కు లోనై పిస్టన్ దెబ్బతింటుంది.

ఇంజిన్ వేగానికి హద్దు

గవర్నర్‌ను సవరించి ఇంజిన్‌ను ఎక్కువ వేగంతో తిప్పడం అన్నిటికంటే చౌకైన మార్పు, అన్నిటికంటే ప్రమాదకరమైన మార్పు కూడా. వేగాన్ని 1450 నుండి 2000 చుట్లకు పెంచితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 6.4 మీటర్ల నుండి 8.9 మీటర్లకు చేరుతుంది. జడత్వ, అపకేంద్ర బలాలు వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతాయి. కాబట్టి 38 శాతం వేగం పెరిగితే కనెక్టింగ్ రాడ్ బోల్టుల పైనా, ఫ్లైవీల్ పైనా పడే బలం 90 శాతం పెరుగుతుంది. పోత ఇనుప ఫ్లైవీల్‌లో కంటికి కనిపించని చిన్న పగులు ఉన్నా అది ముక్కలై ఎగిరే ప్రమాదం ఉంది. ఆ ముక్కలు చోదకుడిని, ప్రేక్షకులను కూడా గాయపరచగలవు. అందుచేత వేగం పెంచదలచినవారు పగుళ్ల పరీక్ష జరిపించి, ఉక్కు ఫ్లైవీల్, దాని చుట్టూ రక్షణ కవచం అమర్చుకోవడం అవసరం.

శక్తిని నేలకు చేర్చడం

ఇంజిన్‌ను విప్పే ముందే చేయవలసిన లెక్క ఒకటి ఉంది. 2500 కిలోల తరగతిలో ట్రాక్టర్ మొత్తం బరువు సుమారు 24.5 కిలోన్యూటన్లు. లాగేటప్పుడు ఆ బరువంతా వెనుక చక్రాలకే చేరిందనుకున్నా, పట్టు గుణకం 0.7 అయితే లాగే బలం 17 కిలోన్యూటన్లకు మించదు. మార్పులేని 36 హార్స్‌పవర్ ఇంజిన్ 85 శాతం ప్రసార సామర్థ్యంతో ఈ బలాన్ని గంటకు 4.8 కిలోమీటర్ల వేగంతో అందించగలదు. శక్తిని 50 హార్స్‌పవర్‌కు పెంచినా లాగే బలం పెరగదు. వేగం మాత్రమే గంటకు 6.7 కిలోమీటర్లకు చేరుతుంది. వేగం వల్ల కలిగే ఊపు చివరి మీటర్లలో ఉపకరిస్తుంది, కాని టైరు పట్టు లేనిచో అదనపు శక్తి చక్రాలు జారడానికే ఖర్చవుతుంది. పైగా భారం పెరిగి ఇంజిన్ వేగం తగ్గేటప్పుడు టార్క్ నిలబడటం ముఖ్యం. గరిష్ఠ టార్క్‌ను అధిక వేగాలకు జరిపే క్యామ్‌షాఫ్ట్ ఈ పోటీకి అనుకూలం కాదు.

కొక్కెం ఎత్తు, వెనుకకు బోల్తా

17 కిలోన్యూటన్ల లాగుడు నేల నుండి 0.5 మీటరు ఎత్తులో పనిచేస్తే, 2.25 మీటర్ల చక్రాంతరం గల ట్రాక్టర్ ముందు ఇరుసు నుండి సుమారు 385 కిలోల భారం వెనుకకు మారుతుంది. ఎత్తు 0.75 మీటరు అయితే అది 578 కిలోలు. నియమావళులు కొక్కెం ఎత్తుకు హద్దు విధించడానికి, పోటీదారులు ముందు భాగాన బరువులు కట్టడానికి కారణం ఇదే. కొక్కెం వెనుక ఇరుసుకు దిగువన ఉంటే, ముందు చక్రాలు లేచేకొద్దీ అది ఇంకా కిందికి దిగి బోల్తాను నిరోధిస్తుంది. ఇరుసుకు పైన కడితే ఆ రక్షణ ఉండదు. అదనంగా వెనుక ఆనుడు చక్రాలు, చోదకుని చేయి వదిలిన వెంటనే ఇంజిన్‌ను ఆపే స్విచ్ అవసరం.

విస్తరణకు ఉపయోగం

ఈ చివరి సూత్రం పోటీ మైదానానికే పరిమితం కాదు. బురదలో దిగబడిన ట్రాలీని లాగడానికి గొలుసును డ్రాబార్‌కు కాక ఎత్తైన భాగానికి కట్టినప్పుడు మన పొలాలలోనూ ట్రాక్టర్ వెనుకకు తిరగబడుతుంది. పట్టు, బరువు, కొక్కెం ఎత్తు అనే మూడింటిని లెక్కించిన తరువాతనే ఇంజిన్ శక్తి గురించి ఆలోచించాలన్న క్రమాన్ని రైతులకు, డ్రైవర్లకు ప్రదర్శనల ద్వారా బోధించడం ప్రయోజనకరం.